ఆవకాయలో నీటి పొదుపు

కడిగిన కంచాన్ని మళ్ళీ కడగాలా అక్కర్లేదా అన్నది ఆ పూట హైమవతి ఇంట్లో వచ్చిన తగువు.

అలమరలోంచి తీసిన కంచాన్ని కుళాయి కింద ఒకసారి తొలిపి, నీళ్ళు విదిలించి, అప్పుడు అన్నం వడ్డించడం ఆమెకు పుట్టింట అబ్బిన అలవాటు. పెళ్ళయిన నాటి నుంచీ భాస్కరం ఆ తడి కంచంలోనే మాట్లాడకుండా తింటున్నాడు. ఆ పూట మాత్రం కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"కడిగే కదా లోపల పెట్టావు? మళ్ళీ ఎందుకు కడగడం?"

"బల్లి తిరిగి ఉంటుంది."

"అలమరకి తలుపులున్నాయి."

"ఆ సంగతి బల్లికి తెలియొద్దూ?"

"కంచానికి గ్లాసుడు నీళ్ళు. నలుగురం, రెండు పూటలా. ఏడాది పొడుగునా ఎంతవుతుందో ఆలోచించావా?"

"మీరు ఆలోచిస్తూ ఉండండి. పప్పు చల్లారిపోతోంది," అని హైమ అతని చెయ్యి పక్కకి నెట్టి కంచం కడిగి తెచ్చింది.

అత్తగారు మాణిక్యమ్మ అన్నం కలుపుకుంటూ, "కంచం దగ్గర కూర్చుని నీళ్ళు కొలిచే మగాణ్ణి నేనెక్కడా చూళ్ళేదమ్మా. వీడికి ఎండ దెబ్బ కొట్టినట్టుంది, మజ్జిగ ఎక్కువ పొయ్యి," అంది.

అది ఎండ దెబ్బ కాదు. పొద్దున భాస్కరం ఒక సదస్సుకి వెళ్ళి వచ్చాడు. ఆహార పరిశ్రమల్లో నీటి వాడకాన్ని తగ్గించడం ఎలా అన్న విషయం మీద ఏసీ హోటల్లో జరిగిన సదస్సు అది. వచ్చిన ప్రతివాడికీ ఒక సంచీ, ఒక టోపీ, రెండు నీళ్ళ సీసాలు ఇచ్చారు. జనం తలా ఒక గుక్క తాగి వదిలేసిన సీసాల మధ్య కూర్చుని, జలమితి మండలి వారు కొత్త నిబంధన చదివి వినిపించారు. ప్రతి ఆహార పరిశ్రమా కిందటేడు వాడిన నీటిలో నాలుగో వంతు తగ్గించి చూపాలి. చూపినవారికి ధ్రువపత్రం. ధ్రువపత్రం లేనివారి సరుకు గేటు దాటడానికి వీల్లేదు.

నిబంధన మంచిదే. నీళ్ళు తగ్గించాలంటే కాదనేవారెవరు? వచ్చిన చిక్కల్లా భాస్కరానిది పచ్చళ్ళ ఫ్యాక్టరీ కావడం.

ఫ్యాక్టరీ అంటే ఊరి చివర పారిశ్రామికవాడలో ఒక పెద్ద రేకుల షెడ్డు. మాణిక్యమ్మ వంటింట్లో మొదలైన వ్యాపారం అక్కడి దాకా వెళ్ళింది. ఆవిడ పేరే సీసాల మీద అచ్చయింది: మాణిక్యం పచ్చళ్ళు. లెక్కలూ బేరాలూ భాస్కరం చూసుకుంటాడు. కాయ దగ్గర్నుంచి మూత దాకా శుభ్రం చూసుకునేది హైమ. ఆవకాయ పెట్టే ఏ ఇంట్లోనైనా జరిగేదే అక్కడా జరుగుతుంది. కాయల్ని ఒక్కసారి తొట్లో కడిగి, ఒక్కొక్కటీ పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టి ముక్కలు కొడతారు. చేతులు కడుక్కున్నవాళ్ళు ఆరేదాకా ముక్క ముట్టుకోకూడదు. తల తడిగా ఉన్నవాళ్ళని గుమ్మంలోకే రానివ్వరు. తడి తగిలితే ఆవకాయ బూజు పడుతుందని ఆ ఇంట్లో చిన్నపిల్లకి కూడా తెలుసు. ఇన్నేళ్ళుగా వాళ్ళు దేనికైనా భయపడ్డారంటే అది నీటి చుక్కకే.

మార్కెట్లోకి పచ్చి మామిడి ఇంకా దిగకముందే మండలి సంయుక్త సంచాలకులు పరాంకుశం గారు తనిఖీకి వచ్చారు. చక్కటి ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, ముఖాన ప్రజాసేవ చేసి అలసిన చిరునవ్వు. షెడ్డులో నాలుగడుగులు వేసి, వంగి నేల మీద వేలు రాసి చూసుకున్నారు.

"ఏమిటిది? నేల ఇంత పొడిగా ఉన్నది?"

"తడుంటే పచ్చడి పాడవుతుందండి," అన్నాడు భాస్కరం.

"అనగా తమరు నీరు వాడుట లేదా?"

"కాయ కడగడానికీ చేతులు కడగడానికీ వాడతామండి. అంతే."

"మంచిది. ఆ రెంటిలోనూ నాలుగో వంతు తగ్గించండి."

హైమ ముందుకొచ్చింది. "అంటే నాలుగు కాయల్లో ఒక కాయ కడక్కుండా వెయ్యమంటారా అండీ?"

"నేను అట్లు అనలేదమ్మా. మండలి విధానాన్ని మాత్రమే నిర్దేశిస్తుంది. పద్ధతిని యూనిట్ వారే రూపొందించుకోవాలి. అయితే సూచనప్రాయంగా చెప్పవలెనన్న, నలుగురు కార్మికులలో ముగ్గురు మాత్రమే చేతులు కడిగినచో లక్ష్యం నెరవేరును."

ముక్కలు కొట్టే ఆడవాళ్ళకి పెద్ద పాపాయమ్మ ఈ మాట విని, సీజను కోసం నూరుతున్న కత్తి పక్కన పెట్టింది. "ఆ నాలుగోదాన్నెవర్నండీ బాబూ?"

"వంతుల వారీగా నిర్ణయించుకోవచ్చును."

"అయితే మంగళారం నాకెయ్యకండి. ఆరోజు సేపలు తోమేసి వత్తాను."

పరాంకుశం గారు ఆ మాట వినిపించుకోలేదు. కిందటేడు ఎంత నీరు వాడారని అడిగారు. ఇంతే వాడామన్నారు. అంతకు ముందేడు? అప్పుడూ ఇంతే.

"అంటే మేం మొదట్నుంచీ పొదుపుగానే వాడుతున్నామండి," అన్నాడు భాస్కరం కొంచెం గర్వంగా.

"అదే తప్పు," అన్నారు పరాంకుశం గారు. "పొదుపు అనేది మండలి ఏర్పడిన పిదప ప్రారంభించవలసిన కార్యక్రమం. అంతకు పూర్వమే చేసినది అలవాటు కిందికి వస్తుంది. అలవాటుకు ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు లేదు."

ఆయన వెళ్ళాక భాస్కరం బోర్లించిన ఖాళీ మామిడి బుట్ట మీద కూలబడ్డాడు. ఆవకాయ కాయ దొరికేది ఏడాదిలో కొన్ని వారాలే. ఆ కొన్ని వారాల్లో పెట్టిన ఆవకాయే ఏడాదంతా ఇంటికీ, పని చేసే ఆడవాళ్ళకీ తిండి పెడుతుంది. ధ్రువపత్రం లేకపోతే జాడీలు జాడీల్లోనే ఉండిపోతాయి.

దారి చూపించినవాడు పక్క షెడ్డు రత్తయ్య. ఆయనది గోళీసోడా కంపెనీ. ఏళ్ళ తరబడి ఆ కంపెనీ గొట్టం పగిలి నీళ్ళు రోడ్డు మీదకి పారుతుండేవి. అటువైపు వెళ్ళేవాళ్ళు పంచెలు ఎత్తి పట్టుకుని దాటేవారు. నిబంధన వచ్చిన వారంలోనే రత్తయ్య మనిషిని పిలిచి పగులు మూయించాడు. నీటి వాడకం సగానికి సగం పడిపోయింది. ఆయనకి బంగారు షీల్డు ఇచ్చి, శాలువా కప్పి, పేపర్లో ఫోటో వేశారు.

"మీ జబ్బేంటో నేను చెబుతాను బావగారూ," అన్నాడు రత్తయ్య, సోడా కొట్టి చేతికిస్తూ. "మీకు లీకు లేదు. లీకు లేనోడు ఏం మూస్తాడు చెప్పండి?"

"ఇప్పుడెక్కడినుంచి తెచ్చేది లీకు?"

"దానికీ దారుంది. ఆధార నిర్ధారణ అని అర్జీ పెట్టుకోండి. మామిళ్ళ సీజనంతా మీరు ఎంత వాడితే, కిందటేటి బదులు అదే మీ లెక్క అని రాసుకుంటారు. బాగా వాడండి. తర్వాత కట్టేయండి. అంతే. ఏమ్మా చెల్లెమ్మా, అంతేనా?"

"అంటే, ముందు నీళ్ళు పారబోసి, తర్వాత పారబొయ్యడం మానేస్తే, దాన్ని పొదుపంటారా అన్నయ్యగారూ?" అంది హైమ.

"నేననను తల్లీ. ఆళ్ళంటారు."

అర్జీ పెట్టడమే ఆలస్యం, మంజూరైపోయింది. మండలిలో ఇంత చురుగ్గా కదిలిన కాగితం మరొకటి లేదని తెచ్చిన బంట్రోతే చెప్పాడు. షెడ్డు వెనక మురుగుకాలువ మూతి దగ్గర ఒక మీటరు బిగించారు. కాలవలోకి పోయిన నీరే వాడిన నీరు.

మే నెల. ఊళ్ళో కుళాయిలు రోజు విడిచి రోజు వస్తున్నాయి, వచ్చిన రోజు కూడా దగ్గి ఊరుకుంటున్నాయి. అలాంటి ఎండల్లో భాస్కరం నీళ్ళ ట్యాంకర్లు పురమాయించాడు. ట్యాంకరు వచ్చేది, గొట్టం వదిలేది, నీళ్ళు గలగలా కాలవలోకి పోయేవి. మీటరు ముల్లు తిరుగుతుంటే అతను దాని పక్కనే నిలబడి ముఖం తుడుచుకునేవాడు.

రెండో రోజుకే వెనక కాలనీ ఆడవాళ్ళు బిందెలతో వచ్చారు. "పారబోసేదేదో మా బిందెల్లో పొయ్యండమ్మా," అన్నారు. హైమకి అందులో తప్పేమీ కనబడలేదు. గొట్టం వాళ్ళ వైపు తిప్పింది. ఆ పూట కాలనీలో ఇంటింటా బట్టలు ఆరాయి.

సాయంత్రానికి పరాంకుశం గారి జీపు వచ్చింది.

"మీటరు కదలలేదేమి?"

"నీళ్ళు కాలనీవాళ్ళు పట్టుకున్నారండి," అంది హైమ. "వృథా పోలేదు."

"వృథా పోకపోవుటే ఇక్కడ సమస్య అమ్మా. ప్రజలు పట్టుకున్న నీరు సరఫరా అవుతుంది, వినియోగం కాదు. సరఫరాకు వేరే లైసెన్సు కావాలి." ఆయన ఇంకొంచెం ఆలోచించి గొంతు తగ్గించారు. "అదియునుగాక, తమరు ట్యాంకరు నుండి నేరుగా కాలువలోనికి పోయుచున్నారు. ఉత్పత్తి ప్రదేశాన్ని తాకని నీరు ఉత్పత్తి నీరు కాజాలదు. షెడ్డు లోపలి నుండి పారవలెను."

"లోపల ముక్కలు కొడుతున్నామండి!"

"మంచిదే కదా. పారిశ్రామిక వాతావరణం ఉంటుంది."

ఆ మర్నాటి నుంచి నీళ్ళు షెడ్డు ముందు గుమ్మంలోంచి వచ్చి వెనక గుమ్మంలోంచి పోయాయి. జాడీల్ని ఇటుకల మీదకీ, ఇటుకల్ని బల్లల మీదకీ ఎక్కించారు. ఆడవాళ్ళు కుచ్చెళ్ళు పైకి దోపుకుని, చీలమండల లోతు నీళ్ళలో పీటలు వేసుకుని ముక్కలు కొట్టారు. ముక్క జారి కిందపడితే తేలుకుంటూ వెళ్ళిపోయేది. పాపాయమ్మ మొదటి రోజు, "నాట్లెయ్యడానికొచ్చామో ఆవకాయ పెట్టడానికొచ్చామో తెలీడం లేదమ్మగారూ," అని నవ్వించింది. మూడో రోజుకి ఎవరూ నవ్వలేదు. హైమ ఇంట్లో ఉన్న పాత పంచెలన్నీ చింపి మనిషికి రెండు గుడ్డలిచ్చింది. చేతులు తుడుచుకున్నా, ముక్కలు తుడిచినా, గోడలకి చెమట పడుతుంటే, గాలే తడిసి ఉంటే, దేన్ని తుడవగలరు?

"ఏవండీ, ఇది ఆవకాయ. వడియాల పిండి కాదు," అంది హైమ.

"ఈ నెల ఒక్కటీ ఓర్చుకో. ధ్రువపత్రం చేతికొస్తే అన్నీ సర్దుకుంటాయి."

"ధ్రువపత్రం మనకి కదా వచ్చేది? ఆవకాయకి కాదు."

భాస్కరం ట్యాంకరు వాడికి ఫోను చేశాడు. ఆవకాయ పెట్టిన మూడో రోజు జాడీలు తిరగకలిపే వేళకి కూడా నీళ్ళు పారుతూనే ఉన్నాయి. హైమ తెడ్డు పట్టుకుని బల్ల మీద నిలబడి కలిపింది. చూడ్డానికి రావద్దని మాణిక్యమ్మకి తన కూతురు సుమేధ చేత చెప్పించింది. ఆవిడ రాలేదు గానీ, "నూనె పైకి తేలిందా?" అని ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళనీ అడుగుతూ కూర్చుంది.

కాయలైపోయాయి. నిర్ధారణ అయిపోయింది. భాస్కరం గొట్టం కట్టేశాడు. అంతటితో పొదుపు కాలం మొదలై, మొదలైన రోజే విజయవంతమైంది. మీటరు దగ్గర పరాంకుశం గారు చాలాసేపు అలా నిలబడిపోయారు. మొన్నటి దాకా ఏరులా పారిన చోట ఒక పిచ్చుక ఇసకలో స్నానం చేస్తోంది.

"నా సర్వీసులో ఇటువంటి తగ్గుదల చూడలేదు," అన్నారు. "రత్తయ్యగారు కూడా సగమే తగ్గించగలిగారు."

సభ అదే ఏసీ హోటల్లో జరిగింది. వేదిక మీద ఒక కృత్రిమ జలపాతం పెట్టారు, వక్తల మాటలు దాని చప్పుడులో సగం వినబడలేదు. భాస్కరానికి రత్తయ్యకన్నా పెద్ద షీల్డు, ధ్రువపత్రం, శాలువా. ఫోటోలో అతని పక్కన నిలబడిన హైమ ముఖం మాత్రం కెమెరా వైపు లేదు. మర్నాడు మధ్యాహ్నం పరాంకుశం గారిని ఇంటికి భోజనానికి పిలిచామని భాస్కరం అక్కడే ఆమెకి చెప్పాడు. సాయంత్రం సరుకెక్కించుకోవడానికి లారీ వస్తుందని కూడా చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే హైమ షెడ్డుకి వెళ్ళి మొదటి జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పింది. నూనె మీద తెల్లగా, దూదిపింజలా బూజు. రెండో జాడీ, మూడో జాడీ. చివరి వరసలో ఒక జాడీ బాగుందనుకుని తెడ్డు దించితే అడుగునుంచి పుల్లటి వాసన వచ్చింది. ఆమె భాస్కరానికి ఫోను చేసింది.

అతను వచ్చి చూశాడు. తెడ్డుతో బూజుని ఒక పక్కకి నెట్టాడు. తర్వాత మెల్లగా, "పైపైన తీసేసి, కాచిన నూనె పోసి, కారం కాస్త ఎక్కువ కలిపితే…" అన్నాడు.

"తిన్నవాళ్ళకి?"

"హైమా, ఏడాది తిండి ఇది. పాపాయమ్మ వాళ్ళకి ఏం పెడతాం? పైగా మనకి ధ్రువపత్రం ఉంది. ఎవరడుగుతారు?"

"సీసా మీద అత్తయ్యగారి పేరుంది," అంది హైమ. "ఆవిడడుగుతారు."

"అమ్మకి చెప్పకు," అని, అతిథి కోసం పళ్ళు తేవాలని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయాడు. లారీ రావడానికి సాయంత్రం దాకా వ్యవధి ఉంది. హైమ గుమ్మంలో నిలబడి కాసేపు జాడీల వైపు చూసింది. తర్వాత పాపాయమ్మని పిలిచి, పార ఎక్కడుందని అడిగింది.

మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర పరాంకుశం గారు పెద్ద కుర్చీలో కూర్చున్నారు. ఒక పక్క భాస్కరం, ఇంకో పక్క మాణిక్యమ్మ, ఎదురుగా సుమేధ. హైమ స్నానం చేసి, జుట్టు ముడి వేసుకుని వడ్డించింది. ముద్దపప్పు, నెయ్యి, ఒక చిన్న గిన్నెలో ఆవకాయ. పరాంకుశం గారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

"అబ్బా! పొదుపు చేసిన నీటి మహిమ ప్రతి ముక్కలోనూ తెలుస్తున్నదమ్మా."

"అది కిందటేడుదండి," అంది హైమ. "మాకింకా పొదుపు రానప్పుడు పెట్టింది."

సుమేధకి పొలమారింది. మాణిక్యమ్మ మనవరాలి నెత్తి మీద తడుతూ, "మరి ఈ ఏటిది ఎప్పుడు తీస్తావే?" అని కోడల్ని అడిగింది.

భాస్కరం తల వంచుకుని పప్పు కలుపుతున్నాడు, కలిపిందే కలుపుతున్నాడు.

"ఈ ఏటిది లేదు అత్తయ్యగారూ. అంతా బూజు పట్టింది. పొద్దున పాపాయమ్మ వాళ్ళూ నేనూ షెడ్డు వెనక గొయ్యి తవ్వి పూడ్చేశాం. సాయంత్రం లారీ అక్కర్లేదని చెప్పాను. ఈ ఏడు మనం ఆవకాయ అమ్మం."

భాస్కరం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మొత్తమా?" అన్నాడు.

"మొత్తం."

మాణిక్యమ్మ కొడుకు వైపు ఒక చూపు చూసి, "ఒక్క జాడీ కూడా బయటికి పోలేదు కదా?" అంది.

"లేదండి."

"అయితే నెయ్యి వేసుకో, అన్నం తిను," అంది ఆవిడ కోడలితో, కోడలింకా కూర్చోలేదన్న సంగతి చూసుకోకుండా.

అందరికన్నా ముందు తేరుకున్నది పరాంకుశం గారు. ఆయన ముఖం మెల్లమెల్లగా వెలిగింది.

"ఉత్పత్తి లేదన్నమాట. అనగా రాబోవు మామిడి కాలం వరకు నీటి వినియోగం శూన్యం! భాస్కరం గారూ, తమరికి అర్థమవుతున్నదా? మండలి పరిధిలో శూన్య వినియోగం సాధించిన యూనిట్ ఇంతవరకూ లేదు. దీనిని ఆదర్శ పరిశ్రమగా ప్రకటింపవచ్చును. ఇతర పరిశ్రమల వారిని బస్సులలో తీసుకొనివచ్చి చూపించవచ్చును. అయితే ఒక్క షరతు. ఈ స్థాయిని కాపాడుకోవాలి. ఒకసారి శూన్యం సాధించిన వారు తిరిగి ఒక చెంబెడు వాడినను అది తీవ్రమైన పెరుగుదల కిందికి వస్తుంది."

"అంటే వచ్చే ఏడు షెడ్డులో కాయ కడిగితే?" అంది హైమ.

"ధ్రువపత్రం రద్దు."

"ఇంట్లో కడుక్కుంటే అండీ? ఇంటి నీళ్ళు మీ కిందికి వస్తాయా?"

"రావమ్మా. గృహ వినియోగం మా పరిధి కాదు. ఇళ్ళలో ఆడవాళ్ళు పెట్టుకునే పచ్చళ్ళతో మండలికి సంబంధం లేదు. వాటిని అమ్ముకున్ననూ కుటీర వ్యాపకము కిందికి వచ్చును గానీ, పరిశ్రమ కిందికి రాదు."

"రాదు కదా?"

"ససేమిరా రాదు."

హైమ ఆయన కంచంలో ఇంకో గరిటె అన్నం వేసి, నెయ్యి వేసి, అప్పుడు కుర్చీ లాక్కుని తనూ కూర్చుంది. ఎప్పుడూ అందరూ తిన్నాక తినే మనిషి కూర్చోవడంతో సుమేధ లేచి తల్లికి కంచం తెచ్చి పెట్టింది.

"అయితే అందరూ వినండి," అంది. "వచ్చే ఏడు ఆవకాయ ఈ ఇంట్లో పెడతాం. డాబా మీద పందిరి వేయించి ముక్కలు కొట్టిస్తాను. కాయలు ఈ కుళాయి కింద, ఎన్నిసార్లు కడగాలనిపిస్తే అన్నిసార్లు కడుగుతాం. పాపాయమ్మ వాళ్ళందరూ ఇక్కడికే వస్తారు, నలుగురికి నలుగురూ చేతులు కడుక్కుంటారు. ఈ ఏడు వాళ్ళకి జీతం ఆగకూడదు. అందుకు నా గాజులున్నాయి. అవి నావి, వాటి గురించి ఎవరూ మాట్లాడక్కర్లేదు."

భాస్కరం తల్లి ముఖం వైపు చూశాడు. "పందిరికి కొబ్బరాకు నేను తెప్పిస్తాను," అన్నాడు.

పరాంకుశం గారు మాత్రం కలవరపడ్డారు. "మరి ఫ్యాక్టరీలో ఏమి చేస్తారమ్మా?"

"ఏమీ చెయ్యమండి," అంది హైమ, పప్పులో నెయ్యి వేసుకుంటూ. "తుడిచి తాళం వేసి, తాళం చెవి మీకే ఇస్తాం. మీ బస్సులు తీసుకొచ్చి చూపించుకోండి."